ఇంటిల్లిపాదీ అండమాన్‌కు వెళ్లేముందు



పిల్లల పరీక్షలు దగ్గర పడ్డాయంటే చాలా ఇళ్లలో ఒకటే చర్చ, ఈసారి సెలవులకు ఎక్కడికి వెళ్దామని. ఈమధ్య ఆ చర్చలో అండమాన్ పేరు తరచుగా వినిపిస్తోంది. పాస్‌పోర్టు, వీసా అక్కర్లేదు, డబ్బు మార్చుకునే పని లేదు. హైదరాబాద్‌లో పొద్దున్నే నేరుగా వెళ్లే విమానం ఎక్కితే మధ్యాహ్న భోజనం వేళకు దీవుల్లో ఉంటాం. భాష గురించి బెంగ కూడా లేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవుల్లో నూటికి 13 మంది మాతృభాష తెలుగే. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వేటకనీ పనులకనీ వెళ్లి అక్కడే స్థిరపడిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. దీవుల రాజధాని పోర్ట్ బ్లెయిర్‌కు 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. ఆ ఊళ్లో జంగ్లీఘాట్ వైపు వెళ్తే తెలుగు మాటలు చెవిన పడతాయి.

అక్కడ ఏమేం చూడాలో చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. వెళ్లేముందు ఏం ఆలోచించుకోవాలి, పెట్టెలో ఏం సర్దుకోవాలి అన్నది చెప్పేవాళ్లు తక్కువ. ఈరోజు నేను ఆ సంగతులే మాట్లాడతాను. అన్నిటికంటే ముందు ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఇంటిల్లిపాదీ కలిసి వెళ్లే ప్రయాణానికి ప్లాను వేసేటప్పుడు, మనలో అందరికంటే నెమ్మదిగా నడిచేది ఎవరో చూసి, ఆ మనిషి అడుగును కొలతగా పెట్టుకోవాలి. మోకాళ్ల నొప్పులున్న నాయనమ్మ కావచ్చు, నాలుగేళ్ల పసివాడు కావచ్చు. ఇంట్లో అందరికంటే హుషారైన కుర్రాణ్ణి చూసి ప్లాను వేస్తే రెండో రోజుకే పెద్దవాళ్లు గదిలో మిగిలిపోతారు, వాళ్లకు తోడుగా అమ్మ ఉండిపోతుంది. కలిసి వెళ్లీ విడివిడిగా తిరిగి వస్తాం.

ఇక ఎప్పుడు వెళ్లాలో చూద్దాం. ఏటా మే నెలలో మనం రేడియో వార్తల్లో వినే మాట ఒకటుంది: నైరుతి రుతుపవనాలు అండమాన్‌ను తాకాయి. మామూలుగా జూన్ 1కి కేరళను తాకే రుతుపవనాలు అంతకు పది రోజుల ముందే, మే మూడో వారం ప్రాంతంలో, అండమాన్ సముద్రంలోకి వస్తాయి. ఇక్కడ రైతుకు అది చల్లని కబురు. అక్కడికి టికెట్లు కొన్న కుటుంబానికి మాత్రం గదిలో కూర్చోబెట్టే వాన. మన పిల్లల వేసవి సెలవులు ఏప్రిల్ చివర్లో మొదలవుతాయి కాబట్టి, వేసవిలోనే వెళ్లాలనుకుంటే మే మొదటి వారంలోపు వెళ్లి వచ్చేయండి. అక్టోబరు, నవంబరు నెలల్లో మన కోస్తాను భయపెట్టే అల్పపీడనాలు చాలావరకు ఆ ప్రాంతంలోనే పుడతాయి. డిసెంబరు మొదట్లో కూడా నమ్మకం లేదు. 2016 డిసెంబరులో వర్దా తుఫాను చెన్నైని తాకకముందు అండమాన్ మీదుగా నడిచింది. పడవలు ఆగిపోయి, హేవ్‌లాక్, నీల్ దీవుల్లో వెయ్యిమందికి పైగా యాత్రికులు రోజుల తరబడి చిక్కుకుపోయారు. చివరికి నౌకాదళం, తీరరక్షక దళం ఓడలు వెళ్లి వాళ్లను తీసుకొచ్చాయి. పొడిగా ఉండి, సముద్రం కాస్త శాంతంగా ఉండేది జనవరి నుంచి ఏప్రిల్ వరకు. సంక్రాంతి సెలవులు అందుకు చక్కగా సరిపోతాయి. పండగ ఇంట్లో చేసుకుని, కనుమ వెళ్లాక బయల్దేరినా మంచిదే.

ఇప్పుడు గడియారం సంగతి. మన దేశపు గడియారానికి ఆధారమైన 82½ డిగ్రీల రేఖాంశం మన కాకినాడకు దగ్గరగా పోతుంది. పోర్ట్ బ్లెయిర్ దానికి పది డిగ్రీలు తూర్పున ఉంది. అంటే అక్కడ సూర్యుడు కాకినాడ కంటే 40 నిమిషాలు ముందు నడుస్తాడు, గడియారం మాత్రం మనదే. డిసెంబరు, జనవరి నెలల్లో సాయంత్రం ఐదు, ఐదుంపావుకల్లా పొద్దు కుంకుతుంది. మిట్టమధ్యాహ్నం 12 గంటలకు కాదు, 11:20 ప్రాంతంలోనే అయిపోతుంది. మనం ఇంట్లోలాగా తొమ్మిదింటికి టిఫిన్ ముగించుకుని పదింటికి తీరానికి బయల్దేరితే ఎండ నడినెత్తికి వచ్చే వేళకు ఇసుకలో దిగుతాం. అందుకే అక్కడ రోజును రెండు ముక్కలు చేసుకోవాలి. ఐదున్నరకు లేచి తొమ్మిదింటిదాకా తిరగాలి, పది నుంచి రెండుదాకా నీడ పట్టున ఉండాలి, మళ్లీ రెండున్నరకు బయల్దేరి దీపాలు పెట్టే వేళకు గదికి చేరాలి. పెద్దవాళ్లకు, పిల్లలకు ఈ పద్ధతి అమృతంలాంటిది. మధ్యాహ్నం కునుకు తీసిన బిడ్డ సాయంత్రం నవ్వుతూ నడుస్తాడు.

సముద్రానికీ తన గడియారం ఉంది. తీరంలో పుట్టి పెరిగిన వాళ్లకు పోటు, పాటు సంగతి చెప్పనక్కర్లేదు. నీల్ దీవిలో, దాన్నిప్పుడు షహీద్ ద్వీప్ అంటున్నారు, లక్ష్మణ్‌పూర్ దగ్గర రాతి వంతెనలా తొలిచిన కొండ ఒకటి ఉంది. సముద్రం పాటు మీద ఉన్నప్పుడే, నీళ్లు వెనక్కి తగ్గి గుంటల్లో చేపపిల్లలు, నక్షత్రచేపలు కనబడే వేళలోనే దాని దగ్గరికి నడిచి వెళ్లగలం. ఈ వేళలు రోజుకు 50 నిమిషాల చొప్పున ఆలస్యమవుతూ ఉంటాయి. పున్నమి, అమావాస్యల దగ్గర నీరు మరీ లోపలికి తగ్గుతుంది. కాబట్టి తేదీలు ఖాయం చేసేముందు గోడ మీది క్యాలెండరు ఒకసారి చూడండి. దిగిన చోట హోటల్ వాళ్లను రేపు పాటు ఎన్నింటికని అడిగి, దాన్నిబట్టి రోజు సర్దుకోండి.

ఇక దీవుల వరస. పోర్ట్ బ్లెయిర్ నుంచి హేవ్‌లాక్‌కు, అంటే స్వరాజ్ ద్వీప్‌కు, ప్రైవేటు పడవలో ఒకటిన్నర, రెండు గంటలు పడుతుంది. ప్రభుత్వ పడవలో ఇంకాస్త ఎక్కువ. సంక్రాంతి, క్రిస్మస్ రోజుల్లో ఈ పడవలు నిండిపోతాయి. అందుకే విమానం టికెట్లు కొన్న రోజే పడవ టికెట్ల సంగతి కూడా తేల్చుకోవాలి. విమానం ఉంది, గది ఉంది, మధ్యలో పడవ లేదంటే ప్లాను మొత్తం కూలిపోతుంది. ఇక్కడ రెండు నియమాలు పెట్టుకోండి. ఒకటి, తిరుగు విమానానికి ముందు రోజు రాత్రి తప్పనిసరిగా పోర్ట్ బ్లెయిర్‌లో ఉండాలి. గాలి తిరిగి పడవ రద్దయితే ఆ ఒక్క రోజే మనల్ని కాపాడుతుంది. రెండు, ఇంట్లో ఎవరైనా స్కూబా డైవింగ్ చేయాలనుకుంటే దాన్ని ప్రయాణం మొదటి రోజుల్లో పెట్టుకోవాలి. నీటి అడుగున ఒత్తిడికి ఒంట్లో కరిగిన నైట్రోజన్ బయటికి పోవడానికి సమయం కావాలి. డైవింగ్‌కూ విమానానికీ మధ్య కనీసం 18 గంటలు, వీలైతే ఒక పూర్తి రోజు ఎడం ఉండాలి. ఆస్తమా, గుండె జబ్బు ఉన్నవాళ్లు ముందుగా తమ డాక్టరును అడిగి తీరాలి.

మొదటి రోజు పోర్ట్ బ్లెయిర్‌లోని సెల్యులార్ జైలుకు కేటాయించండి. 1896లో కట్టడం మొదలుపెట్టి 1906లో ముగించారు. ఏడు రెక్కల్లో ఇప్పుడు మిగిలినవి మూడే. అల్లూరి సీతారామరాజు నడిపిన 1922-24 మన్యం పోరాటంలో పట్టుబడ్డవాళ్లలో కొందరిని అండమాన్‌కే పంపారు. ఈ సంగతి పిల్లలకు ఇంటి దగ్గరే చెప్పి తీసుకెళ్లండి. అప్పుడు ఆ ఇరుకు గదుల్ని వాళ్లు చూసే చూపు వేరుగా ఉంటుంది. బారాటాంగ్ సున్నపురాతి గుహల గురించి చాలామంది అడుగుతారు. దానికి తెల్లవారుజామున మూడు, నాలుగు గంటలకే లేవాలి, గంటల తరబడి వాహనంలో కూర్చోవాలి, పడవ దిగాక నడవాలి. పెద్దవాళ్లుంటే అది మానేయమనే నా సలహా. మనం మొదట అనుకున్న కొలత ఇలాంటి చోట్లే అక్కరకొస్తుంది. అన్నీ చూడాలన్న ఆరాటంలో ఒక్క దీవిలోనూ తృప్తిగా కూర్చోకుండా వచ్చేవాళ్లే ఎక్కువ.

ఇప్పుడు సర్దుడు. మనం కూడా ఉష్ణమండలంలోనే ఉంటాం, ఎండ మనకు కొత్తా అనిపించవచ్చు. తెలంగాణలోనో రాయలసీమలోనో ఎండ పొడి ఎండ. తడి జీన్స్ ప్యాంటు దండెం మీద వేస్తే మధ్యాహ్నానికి గలగలలాడుతూ ఆరిపోతుంది. దీవుల్లో గాలి నిండా తేమ. అక్కడ రాత్రి ఆరేసిన ప్యాంటు పొద్దున పట్టుకుంటే నడుముపట్టీ దగ్గర, జేబుల దగ్గర ఇంకా తడితడిగా, ఉప్పు వాసనతో ఉంటుంది. దాన్ని మడిచి బ్యాగులో పెడితే మిగతా బట్టలకూ ఆ వాసన పడుతుంది. కాబట్టి జీన్స్ ఒంటి మీదిది చాలు. పల్చని నూలు బట్టలు, త్వరగా ఆరే పాలిస్టర్ బట్టలు తీసుకెళ్లండి. సముద్రంలో దిగడానికి పిల్లలకు నిండు చేతుల బిగుతు చొక్కాలు దొరుకుతాయి, అవి ఎండనుంచీ కాపాడతాయి. ఆడవాళ్లు నీళ్లలో దిగడానికి చీర, పొడవాటి చున్నీ వద్దు. అల లాగితే అవి కాళ్లకు చుట్టుకుంటాయి. రోజుకో జత లెక్కన కాక, మూడు రోజులకు సరిపడా పెట్టుకుని ఉతుక్కునే పద్ధతి మేలు. తాడు, నాలుగు క్లిప్పులు, చిన్న సబ్బు వేసుకుంటే సరి.

ఇలా తగ్గించమనడానికి కారణం పడవ. జెట్టీ దగ్గర ఒక చేత్తో బిడ్డను పట్టుకుని, ఇంకో చేత్తో బ్యాగు మోస్తూ, కదిలే పడవలోకి చెక్కబల్ల మీదుగా అడుగు వేయాలి. వెనక జనం తోస్తుంటారు. చక్రాల పెట్టె అక్కడ పనికిరాదు, ఎత్తి పట్టుకోవాల్సిందే. బయల్దేరేముందు రోజు సర్దిన బ్యాగు భుజాన వేసుకుని మీ మేడమెట్లు ఒకసారి ఎక్కి దిగండి. ఆయాసం వచ్చిందంటే రెండు కిలోలు తీసేయాల్సిందే. విమానంలో మామూలుగా ఒక్కొక్కరికి చెక్-ఇన్‌కు 15 కిలోలు, చేతి సంచికి ఏడు కిలోలు ఇస్తారు. ఇస్తున్నారు కదా అని అంతా నింపనక్కర్లేదు.

సర్దే తీరు కూడా చెబుతాను. మనిషికో జిప్ కవరు పెట్టుకుని ఎవరి బట్టలు వాళ్ల కవర్లో సర్దండి. రాత్రి పిల్లాడి నిక్కరు కోసం పెట్టె అంతా తిరగేసే పని తప్పుతుంది. ప్రతి పెట్టెలోనూ ఇంట్లో అందరి బట్టలూ ఒక్కో జత ఉండేలా చూసుకోండి. ఒక పెట్టె విమానాశ్రయంలో ఆలస్యమైనా ఏ ఒక్కరూ కట్టుబట్టలతో మిగిలిపోరు. తడి బట్టలకు వేరే సంచి ఉంచుకోండి. ఫోను, ఆధార్ కార్డులు, డబ్బు పడవలో తడవకుండా గట్టిగా మూసుకునే కవర్లో వేసుకోండి. చెప్పులు రెండు రకాలు కావాలి. ఇసుకలో నడవడానికి మామూలువి, రాళ్ల మీద, చచ్చిన పగడాల మీద నడవడానికి జారని, వెనక పట్టీ ఉన్న శాండల్స్. పాచిపట్టిన రాతి మీద హవాయి చెప్పులతో పెద్దవాళ్లను నడిపించడం మంచిది కాదు.

మందుల సంచి ఎప్పుడూ చేతిలోనే ఉండాలి, చెక్-ఇన్ పెట్టెలో వేయకూడదు. బీపీ, షుగరు మాత్రలు ప్రయాణానికి సరిపడా, పైన మరో నాలుగు రోజులకు ఉంచుకోండి. డాక్టరు చీటీ కూడా వెంట ఉండాలి. ఇన్సులిన్ చెక్-ఇన్‌లో వేస్తే విమానం కడుపులోని చలికి పాడయ్యే ప్రమాదం ఉంది. చల్లదనం ఉంచే చిన్న సంచిలో పెట్టి వెంట తీసుకెళ్లండి. పడవలో వాంతులయ్యేవాళ్లు ముందుగానే డాక్టరును అడిగి మాత్ర తెచ్చుకుని, ఎక్కడానికి అరగంట, గంట ముందు వేసుకోవాలి. పడవ కదిలాక వేసుకుంటే పెద్దగా ఫలితం ఉండదు. పిల్లలకు మోతాదు వేరు, మీ ఊహ మీద ఇవ్వవద్దు. కూర్చునేటప్పుడు పడవ నడిమి భాగం చూసుకుని, ఫోనులోకి కాకుండా దూరంగా నింగీ నీరూ కలిసే గీత వైపు చూడమనండి. ఓఆర్ఎస్ పొట్లాలు పెట్టుకోండి. అవి అయిపోతే లీటరు శుభ్రమైన నీళ్లలో ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు, అదీ తలగొట్టి కొలిచినవి, కలిపి తాగించవచ్చు.

దోమలు సాయంత్రమే వస్తాయనుకోవద్దు. డెంగ్యూ దోమ కుట్టేది ప్రధానంగా పగలే. కాబట్టి ఒంటికి రాసుకునే దోమల క్రీము పొద్దుటి నుంచే కావాలి. తీరంలో ఇసుక ఈగలు కంటికి ఆనవు, కుట్టాక గాని తెలియదు. గోకితే పుండు పడుతుంది. కాళ్లకు కొబ్బరినూనె రాసుకుని వెళ్తే కొంత అడ్డుకుంటుంది, ఒట్టి ఇసుక మీద కాక దుప్పటి పరుచుకుని కూర్చోవాలి. సన్‌స్క్రీన్ కొనేటప్పుడు డబ్బా వెనక చదవండి. ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ అనే రసాయనాలు పగడాలకు హాని చేస్తాయని హవాయి రాష్ట్రం 2021 నుంచి వాటి అమ్మకాన్ని నిషేధించింది. జింక్ ఆక్సైడ్ ఉన్నది తీసుకుంటే మన చర్మానికీ పగడానికీ మంచిది.

తిండి సంగతి మన వాళ్లకు ముఖ్యం. అన్నం, పప్పు, చేపల కూర అక్కడ బాగా దొరుకుతాయి. అయినా పడవ ప్రయాణాల్లో పిల్లలకు ఆకలేస్తే చేతికందేది ఏదైనా ఉండాలి. జంతికలు, వేయించిన అటుకులు, పల్లీపట్టీ, పులిహోర పొడి మంచి తోడు. ఊరగాయ, నెయ్యి, నూనె చేతి సంచిలో తీసుకెళ్లనివ్వరు, సీసా మూత టేపు వేసి చెక్-ఇన్‌లో పెట్టాలి. ఎండుకొబ్బరి మాత్రం చెక్-ఇన్‌లోకి రానివ్వరు, దానిలోని నూనెకు నిప్పంటుకునే గుణం ఉంది. పవర్ బ్యాంకు కూడా చెక్-ఇన్‌లో వేయకూడదు, చేతి సంచిలోనే ఉండాలి. చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన కేబుల్ 2020 ఆగస్టులో మొదలయ్యాక అక్కడ ఇంటర్నెట్ మెరుగైంది గాని, చిన్న దీవుల్లో సిగ్నల్ మీద పూర్తిగా ఆధారపడలేం. టికెట్లు, హోటల్ బుకింగులు కాగితం మీద ప్రింటు తీసుకోండి. కొంత నగదు ఉంచుకోండి. పిల్లల ఆధార్ కార్డులూ మరవకండి.

తెచ్చుకోకూడనివి కూడా కొన్ని ఉన్నాయి. ఒడ్డున పడి ఉన్న పగడం ముక్క ఎంత ముచ్చటగా ఉన్నా పిల్లల జేబులోకి రాకూడదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద పగడాలకు రక్షణ ఉంది. విమానాశ్రయంలో సామాను తనిఖీ చేస్తారు, పట్టుబడితే ఇబ్బంది తప్పదు. చట్టం భయం కంటే ముందు పిల్లలకు చెప్పాల్సిన కారణం వేరే ఉంది. ఆ పగడం అతి చిన్న ప్రాణులు ఏళ్ల తరబడి కట్టుకున్న ఇల్లు. ఎన్నో చేపపిల్లలు దాని సందుల్లోనే పెరుగుతాయి. నీళ్లలో దిగినప్పుడు దాని మీద నిలబడకూడదు, చేత్తో పట్టకూడదు. అండమాన్ ట్రంకు రోడ్డు మీద జారవా ఆదివాసుల అడవి గుండా వెళ్లాల్సి వస్తే ఫోటోలు తీయడం, తినుబండారాలు విసరడం నేరం. వాళ్లు తమ ఇంట్లో ఉన్న మనుషులు. మనం వాళ్ల వాకిట్లోంచి వెళ్తున్నాం. కెమెరా సంచిలో పెట్టేయడమే మర్యాద. తీరంలో మొసళ్ల హెచ్చరిక బోర్డులున్నా, లైఫ్‌గార్డు వద్దన్నా, ఒక్క అడుగు కూడా నీళ్లలో వేయకండి. ఉప్పునీటి మొసలి ఆ దీవుల్లో నిజంగానే ఉంది. తాగునీటికి మనిషికో సీసా ఇంటి నుంచే తీసుకెళ్లండి. చెత్త పారవేయడానికి దీవుల్లో చోటు చాలా తక్కువ. మనం వదిలేసే ప్రతి ప్లాస్టిక్ సీసా ఎక్కడో ఒడ్డుకు చేరుతుంది.

శ్రోతలారా, ఈ ఆదివారం ఒక పని చేయండి. ఇంట్లో అందరూ ఒకచోట కూర్చుని, ఆ దీవుల్లో మీకు ముఖ్యమైన ఒకే ఒక్కటి ఏమిటని ఒక్కొక్కరినీ అడగండి. తాతగారు జైలు చూడాలంటారేమో, పిల్లది చేపల్ని చూడాలంటుందేమో, అమ్మ ఒక పూట వంట లేకుండా ఊరికే కూర్చోవాలంటుందేమో. అమ్మను అడగడం మాత్రం మరవకండి, ప్రయాణాల్లో అందరి అవసరాలూ చూసి తన కోరిక చెప్పని మనిషి చాలా ఇళ్లలో ఆమే. ఆ కోరికలు కాగితం మీద రాసి, ముందు వాటికి రోజులు కేటాయించండి. మిగిలిన రోజుల్లో ఒకటి ఏ పనీ లేకుండా ఖాళీగా ఉంచండి. వాన పడినా, ఎవరికైనా ఒంట్లో బాగోలేకపోయినా ఆ రోజు ఆదుకుంటుంది. ఏదీ జరగకపోతే ఇంటిల్లిపాదికీ అదే అసలైన సెలవు.